పీఎఫ్ పెన్షన్: 24 ఏళ్ళు కట్టాను, లెక్కలోకి వచ్చింది 18 ఏళ్ళే

నాకు పీఎఫ్ పెన్షన్ మొదలై ఏడాది దాటింది. భీమవరం దగ్గర ఒక రొయ్యల ప్లాంటులో కంప్రెసర్ ఆపరేటర్‌గా 2006 సెప్టెంబర్ నుంచి 2024 ఆగస్టు దాకా చేసి, 58 నిండాక దిగిపోయాను. అంతకుముందు తణుకు వైపు ఒక రైసుమిల్లులో ఆరేళ్ళు. అంటే మొత్తం 24 ఏళ్ళు ఈ స్కీములో ఉన్నాను, చేతికి వచ్చేది నెలకి 2,886 రూపాయలు. ఒక బియ్యం బస్తా, గ్యాస్ బండ, నా బీపీ మాత్రలు, దాంతో సరి. తక్కువే. కానీ తప్పకుండా పడుతోంది, నేను పోయాక మా ఆవిడకి ఇందులో సగం వస్తుంది, అందుకే చెడ్డ స్కీమని నేను అనను. దీన్ని అర్థం చేసుకోకుండా వాడటం వల్ల నేను పోగొట్టుకున్నది మాత్రం చెప్పాలి.

2004లో మిల్లు మానేసినప్పుడు అక్కడి గుమాస్తా 10సీ ఫారం ముందు పెట్టి, సంతకం పెట్టు, పెన్షన్ డబ్బు కూడా వచ్చేస్తుందన్నాడు. చెల్లి పెళ్ళి బాకీ నెత్తిమీద ఉంది, పెట్టేశాను. సుమారు పదిహేను వేలు వచ్చింది. ఆ రోజున అది పెద్ద డబ్బే. అదే ఫారంలో డబ్బు బదులు స్కీమ్ సర్టిఫికెట్ అడగొచ్చని, అడిగితే ఆ ఆరేళ్ళు నా ఖాతాలోనే ఉండిపోతాయని నాకు ఎవరూ చెప్పలేదు. తర్వాత రెండేళ్ళు చెరువుల మీద కూలికి వెళ్ళి, ప్లాంటులో చేరేసరికి సర్వీసు మళ్ళీ సున్నా నుంచి మొదలైంది.

లెక్క ఇలా ఉంటుంది. పెన్షన్ లెక్కకి తీసుకునే జీతాన్ని సర్వీసు సంవత్సరాలతో హెచ్చవేసి 70తో భాగిస్తారు. మీకు నలభై వేలు వచ్చినా మామూలుగా పెన్షన్ లెక్కకి తీసుకునేది 15,000 దాకానే, అదీ 2014 సెప్టెంబర్ నుంచి. అంతకుముందు చేసిన సర్వీసుకి 6,500 దాకానే. నాకు పాత ఎనిమిదేళ్ళకి 743, కొత్త పదేళ్ళకి 2,143 వచ్చాయి. మిల్లులో ఆరేళ్ళు ఉండి ఉంటే ఇంకో 557 కలిసేది, అంటే ఆ పదిహేను వేలు రెండేళ్ళ మూడు నెలల్లో తిరిగి వచ్చేసేవి, ఆ తర్వాతదంతా బతికినన్నాళ్ళూ నాదే. పైగా 20 ఏళ్ళు దాటిన వాళ్ళకి రెండేళ్ళు బోనస్‌గా కలుపుతారు. అదీ పోయింది. జీతానికి ఇలా గీత గీసేశాక మన చేతిలో మిగిలేది సంవత్సరాలే, వాటిని మధ్యలో అమ్ముకోకండి.

పని మానేటప్పుడు కంపెనీ ఇచ్చే గ్రాట్యుటీ విషయంలో నాకు ఇబ్బంది రాలేదు. చివరి బేసిక్ 15,600. దాన్ని 26తో భాగించి 15తో హెచ్చవేస్తే 9,000, పద్దెనిమిదేళ్ళకి 1,62,000 ఇచ్చారు. దీనికి మామూలుగా ఐదేళ్ళు ఉంటే చాలు, మనిషి చనిపోతే ఆ ఐదేళ్ళూ చూడరు. పీలింగ్ షెడ్డులో ఆడవాళ్ళకే కష్టం. కాంట్రాక్టరు మారతాడు, సరుకు లేని నెలల్లో పని ఉండదు, ఏడాది సర్వీసుగా లెక్కకి రావడానికి కావాల్సిన 240 రోజులు పడ్డాయా లేదా అన్నది వాళ్ళ చేతిలో ఉండదు. పదిహేనేళ్ళు ఒకే షెడ్డులో రొయ్యలు ఒలిచి, కాగితం మీద మూడేళ్ళ సర్వీసు కూడా లేని వాళ్ళు నాకు తెలుసు. అది తలుచుకుంటే నాకు కడుపు రగిలిపోతుంది.

ఇక భార్యకి వచ్చే పెన్షన్‌కీ, పెళ్ళికీ ఉన్న సంగతి. మా కోల్డ్ స్టోరేజీలో ఒక కుర్రాడు ఉండేవాడు, 14 నెలల సర్వీసు, పెళ్ళయి ఎనిమిది నెలలు. నైట్ డ్యూటీ దిగి బండి మీద వెళ్తూ యాక్సిడెంట్‌లో పోయాడు. పదేళ్ళు నిండలేదు కాబట్టి పెన్షన్ రాదని, ఎనిమిది నెలల కాపురానికి ఎవరిస్తారని ఊళ్ళో ఆ అమ్మాయితో అన్నారట. రెండూ తప్పే. ఆ పదేళ్ళ రూలు మనం బతికుండి తీసుకునే పెన్షన్‌కి. ఉద్యోగంలో ఉండగా పోతే ఒక్క నెల కట్టినా భార్యకి వస్తుంది, 1,000కి తగ్గదు, పెళ్ళయి ఇన్నేళ్ళు కావాలన్న షరతేమీ లేదు. ఏడాది వరసగా చేశాడు కాబట్టి పీఎఫ్‌తో పాటు ఉండే ఇన్సూరెన్సు కూడా కనీసం రెండున్నర లక్షలు రావాలి. అయితే అతను చేరినప్పుడు నామినీగా అమ్మ పేరు రాశాడు, పెళ్ళయ్యాక మార్చలేదు. పెళ్ళితో ఆ పాత నామినేషన్ చెల్లదు గానీ, ఆ పిల్ల భార్యనని రుజువు చూపించాలిగా! ఆధార్‌లో తండ్రి పేరే ఉంది, పెళ్ళి రిజిస్టర్ చేయించలేదు. శుభలేఖ, ఫోటోలు, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ పట్టుకుని ఐదు నెలలు తిరిగింది. మళ్ళీ పెళ్ళి చేసుకుంటే ఆమె పెన్షన్ ఆగిపోతుంది. ఇరవై రెండేళ్ళ పిల్లకి అలాంటి రూలు పెట్టడం నాకు అన్యాయంగానే అనిపిస్తుంది.

మొన్న సంక్రాంతి ముందు మా వీధిలో ఉండే అక్క వచ్చి, ఒంట్లో బాగుండట్లేదు, పని మానేసి డబ్బు తీసుకుంటానంది. ఫోన్లో ఆవిడ సర్వీసు హిస్టరీ తీస్తే 9 ఏళ్ళ 4 నెలలు. పైన ఆరు నెలలు నిండితే దాన్ని ఏడాదిగా లెక్కేస్తారు, అంటే తొమ్మిదిన్నరకే పదేళ్ళు అయినట్టు. "ఇంకో రెండు నెలలు ఓపిక పట్టక్కా, జీతం లేని రోజులు ఉంటే అవి కోసేస్తారు, ఎందుకైనా మంచిది మూడు నెలలు చెయ్యి" అన్నాను. సూపర్‌వైజర్‌ని అడిగి కూర్చుని చేసే గ్రేడింగ్ పనికి మారింది. చివరి నెల పాస్‌బుక్‌లో ఎక్కిన రోజు సాయంత్రం వాళ్ళబ్బాయి చేత ఫోన్ చేయించింది, 9 ఏళ్ళ 7 నెలలు చూపిస్తోందని.