నా ఉప్పాడ చీరని నేనే కొనుక్కున్నాను: పాత బట్టల యాప్ వాడాక

పాత బట్టలు ఇంటి దగ్గర నుంచి పట్టుకెళ్ళి అమ్మిపెట్టే యాప్ ఒకదాన్ని డబ్బు టంచనుగా ఇస్తారనీ, ఇంటికొచ్చి తీసుకెళ్తారనీ అప్పట్లో తెగ మెచ్చుకుంటూ రాశాను. నా మాట మీద మొదలుపెట్టినవాళ్ళు మా వీధిలోనే ఉన్నారు. బాగా వాడాక ఇప్పుడు అప్పటి మాటలకి కొన్ని 'కానీ'లు తగిలించాల్సి వస్తోంది. పేరు రాయను. ఈ వ్యాపారంలో పేర్లు నిలవవు కూడా. పాత బట్టలు అమ్మే అమెరికా యాప్ పోష్‌మార్క్ అంతటిదే 2021లో మన దేశానికి వచ్చి 2023లో దుకాణం సర్దేసింది. పేరు ఏదైనా తీరు ఇంచుమించు ఒకటే, నా గొడవ ఆ తీరుతోనే.

మనం సంచి పంపితే వాళ్ళు పనికొచ్చేవి ఏరుకుని, ఫొటోలు తీసి, ధర వేసి అమ్మకానికి పెడతారు. అమ్ముడుపోతే కమిషన్ పట్టుకుని మన వాటా ఇస్తారు. నా మంటంతా ఒక్క గడి మీద. ప్రతి బట్ట పేజీలోనూ అన్నిటికంటే పైన ఉంటుంది: బ్రాండ్.

ఆ గడిలో ఏదో ఒక పేరు పడిందా, ఇక చూసుకోనక్కర్లేదు. మా చిన్నాడి టీషర్టు ఒకటి, మెడ సాగిపోయి, ముందున్న బొమ్మ సగం ఊడిపోయి, బండి తుడవడానికి పక్కన పెట్టినది, పొరపాటున సంచిలోకి వెళ్ళింది. పేరున్న కంపెనీది కనుక 280 ధర పెట్టారు. వారం తిరక్కుండా అమ్ముడుపోయింది! అమ్మాయి జీన్సులు, మా ఆయన ఆఫీసు చొక్కాలు అలాగే చకచకా వెళ్ళిపోయాయి. నేను మెచ్చుకుంటూ రాసింది ఆ ఊపులోనే. ఆ గడిలో 'లేదు' అని పడితే ఏమవుతుందో అప్పటికి నాకు ఎదురు కాలేదు.

నా దగ్గర ఒక ఉప్పాడ జాందానీ ఉంది. ముదురు ఆకుపచ్చ మీద చిలకల బుటాలు. పిఠాపురం అవతల ఉప్పాడలోనే నేసేవాళ్ళ ఇంట్లో 9,000 పెట్టి కొన్నాను. పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ కట్టి కట్టి ప్రతి ఆల్బంలోనూ అదే చీర కనపడుతుంటే మా అమ్మాయే అంది, ఇంక దాన్ని వదిలెయ్యమ్మా అని. జాందానీ సంగతి తెలియనివాళ్ళకి ఒక ముక్క: ఆ బుటాలు అద్దినవీ కావు, కుట్టినవీ కావు. నేస్తుండగానే పోగు పోగూ చేత్తో చొప్పిస్తారు. మగ్గం మీద ఇద్దరు కూర్చుని, పనిని బట్టి వారాల తరబడి నేస్తారు. తిరగేసి చూస్తే దారాలు వేలాడవు, ఇటు చిలకా అటు చిలకా ఒకేలా ఉంటాయి. ఉప్పాడ జాందానీకి 2009లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) కూడా వచ్చింది. నా చీరకి మరక లేదు, చిరుగు లేదు. ఎంత పాతదైనా మూడు వేలకి తగ్గదులే అనుకుని పంపాను.

పేజీ పడ్డాక తెరిచి చూస్తే ఇలా ఉంది. బ్రాండ్: లేదు. బట్ట: ఆర్ట్ సిల్క్ (అంటే నకిలీ పట్టు). డిజైన్: ప్రింటెడ్. గ్రేడ్: సి. లోపాలు: జాకెట్టు ముక్క లేదు, మార్పులు చేశారు. ధర: 650. అందులో నా వాటా నూటికి 40, అంటే 260.

మార్పులేమిటా అని ఫొటో పెద్దది చేసి చూశాను. కింద ఎర్ర బాణం గుర్తు పెట్టి చూపించారు. ఫాల్ కుట్టించానట! చీరకి ఫాల్ కుట్టించడం, జాకెట్టు ముక్క కత్తిరించి జాకెట్టు కుట్టించుకోవడం లోపాలైతే, ఒక్కసారైనా కట్టిన పట్టుచీర ఏదీ వీళ్ళ దగ్గర 'ఎ' గ్రేడ్‌కి ఎక్కదు. ముందూ వెనకా ఒకేలా ఉంది కనుక ప్రింట్ అనుకున్నట్టున్నారు. ప్రింట్ వెనక వైపు వెలిసినట్టు ఉంటుందని మా విశాఖ జగదాంబ దగ్గర ఏ బట్టల కొట్లో కుర్రాడిని అడిగినా చెప్తాడు.

చాట్‌లో మొరపెట్టుకున్నాను. మొదట మిషను మాట్లాడింది, నా అభిప్రాయం వాళ్ళకి ఎంతో ముఖ్యమని. తర్వాత ఒక అమ్మాయి ఫోన్ చేసింది. మర్యాదగా, చక్కటి తెలుగులోనే మాట్లాడింది.

"మేడమ్, లేబుల్ ఫొటో ఒకటి పంపండి, బ్రాండ్ అప్‌డేట్ చేయిస్తాను."

"చీరకి లేబుల్ ఎక్కడుంటుందమ్మా?"

"లోపలి వైపు కుట్టి ఉంటుంది కదండీ, ఎలా ఉతకాలో రాసి..."

"అది చీర తల్లీ, నైటీ కాదు."

ఫోన్లో నవ్వు ఆపుకోవడం వినపడింది. "పోనీ సిల్క్ మార్క్ ట్యాగ్ ఉందా మేడమ్?" అంది.

అసలు పట్టేనని చెప్పే సిల్క్ మార్క్ 2004 నుంచి ఉంది, చేనేతకి హ్యాండ్లూమ్ మార్క్ 2006లో వచ్చింది, మంచివే, నేనేమీ అనను. కానీ అది కొత్త చీరకి వేలాడే చీటీ. మొదటిసారి కట్టుకునేటప్పుడే తెంపి పారేస్తాం. బీరువాలో చీటీలు దాచుకునేవాళ్ళని నేనైతే చూడలేదు. పైగా నేసినాయన చేతుల మీదుగా కొన్న చీర, ఆయన చీటీ ఏమీ ఇవ్వలేదు, చెక్కరేసి టీ ఇచ్చాడు.

అప్పుడు ఆ అమ్మాయికి చెప్పాను: "కొంగు కుచ్చుల్లోంచి ఒక్క పోగు తీసి అగ్గిపుల్లతో కాల్చి చూడమను. పట్టయితే జుట్టు కాలిన వాసన వస్తుంది, వేళ్ళతో నలిపితే బూడిదైపోతుంది. సింథటిక్ అయితే కరిగి ఉండ కడుతుంది. నిమిషం పని." పాపం, రాసుకుంది. "అలాంటి ప్రాసెస్ మా దగ్గర లేదు మేడమ్" అని కూడా చెప్పింది. ఫిర్యాదుకి టికెట్ తెరిచి నంబర్ ఇచ్చింది.

టికెట్ తెరిచి ఉన్నంత మాత్రాన అమ్మకం ఆగదని నాకు తర్వాత తెలిసింది. ధర తగ్గడం కూడా ఆగదు. అమ్ముడుపోని బట్టకి కొన్నాళ్ళు గడిచాక దానంతట అదే 20 శాతం పడిపోయే ఏర్పాటు ఉంది. ఒకరోజు చూస్తే 650 కాస్తా 520 అయి కూర్చుంది. ఆ పక్కన గుండె బొమ్మ, దాని పక్కన నాలుగు. అంటే నలుగురు నా చీర మీద కన్నేసి, ఇంకొంచెం తగ్గితే కొందామని చూస్తున్నారన్నమాట. చేనేత తెలిసినవాళ్ళయితే గంటలో ఎగరేసుకుపోతారు. మెతుకు దిగలేదు నాకు.

వెనక్కి తెప్పించుకుందామంటే దానికి 249 కట్టాలి. కట్టినా, వాళ్ళ గోడౌన్లో బయటికి తీసేవరకూ అమ్మకంలోనే ఉంటుంది. ఆ లోపు ఎవరైనా కొంటే చీర పోతుంది, 249 వాపసు ఇస్తారు. గాజువాకలో ఉండే మా చెల్లికి ఫోన్ చేశాను. దానికి ఆ యాప్‌లో ఖాతా లేదు, కొత్తవాళ్ళకి మొదటి ఆర్డర్ మీద 150 తగ్గింపు ఉంది.

"ఏటే, నీ చీర నువ్వే కొనుక్కుంటన్నావా?" అని అది నవ్విన నవ్వు మా ఆయనకి పక్క గదిలోకి వినిపించింది.

లెక్క చూడండి. 520లో 150 పోతే 370, డెలివరీకి 49, మొత్తం 419 కట్టాం. అమ్మినందుకు నా వాటా 208 నా ఖాతాలో పడింది. అంటే నా చీర నా ఇంటికి రావడానికి 211 ఖర్చు. వెనక్కి తెప్పించుకోవడం కంటే 38 రూపాయలు చవక! చీర గాజువాక వెళ్ళి, చెల్లి చేతిలో మా అక్కయ్యపాలెం వచ్చింది. ఒప్పుకోవాల్సిన మాట ఒకటి, ఇస్త్రీ మాత్రం మా వీధి చివర బండి కంటే బాగా చేశారు. పల్చటి కాగితం మధ్యలో పెట్టి, మడతల్లో కలరా ఉండ వాసన కూడా లేకుండా పంపారు. ఒక కార్డు కూడా పెట్టారు, ఈ బట్టకి మరో ఇల్లు చూపించినందుకు ధన్యవాదాలని.

ఇది జరిగాక ఆ చీరని బాల్కనీలో గాలికి వేశాను. పాత బట్టలకి స్టీలు సామాన్లు ఇచ్చే ఆవిడ మా వీధికి వస్తుంటుంది, గంపలో గిన్నెలు బోర్లించుకుని. మామూలుగా మూడు చీరలిస్తే ఒక చిన్న బేసిను ఇస్తానని మొదలుపెట్టే మనిషి. కిందనుంచే చూసి పైకి వచ్చింది. కొంగు అంచు రెండు వేళ్ళతో రాసి, తిరగేసి, ఎండకి పట్టి చూసింది. "అమ్మా, దీనొక్కదానికి ఇడ్లీపాత్ర ఇచ్చెత్తాను, ఇంకేటీ అడగను" అంది. బయట 900 ఉంటుంది ఆ పాత్ర. ఇవ్వలేదనుకోండి. ఆవిడ దానం చెయ్యట్లేదు, చీర విలువ తెలుసు కనుక చవగ్గా కొట్టేద్దామని చూసింది. నా కోపం అక్కడే: చవగ్గా కొట్టెయ్యాలన్నా ముందు విలువ తెలియాలి కదా, ఈ యాప్‌కి అదీ తెలియదు.

పట్టుచీరలకి ఉన్న ఇంకో దారి, జరీలో వెండి కోసం పాత చీరలు కొనేవాళ్ళు. వన్‌టౌన్ వైపు ఒకాయన దగ్గర మా అత్తయ్యగారి చిరిగిపోయిన కంచి చీర ఇచ్చాం. ఆయన జరీ గీరి చూశాడు, లోపల ఎర్ర పట్టుపోగు కనపడగానే తూకం వేశాడు. అక్కడ వెండికి తప్ప నేతకి ధర ఉండదు, చీర కాలిపోతుంది. చిరిగినవాటికి సరే, కట్టగలిగిన చీరకి చేతులు రావు. మధ్యలో ఉన్నవాటికే, అంటే బాగున్నా మనం కట్టని చీరలకే, ఇలాంటి యాప్ కావాలి. సరిగ్గా అక్కడే ఇది చేతులెత్తేసింది.

డబ్బు సంగతి. టంచనుగా ఇస్తారని అప్పట్లో రాశాను. ఇస్తారు. కొన్నవాళ్ళు వాపసు చేసే గడువు దాటాక, ఖాతాలో 500 దాటాక. అప్పటివరకూ ఆ డబ్బుతో వాళ్ళ దగ్గరే ఏదైనా కొనుక్కోమని ఊరిస్తూ ఉంటారు. పాన్ అడిగితే మాత్రం కంగారు పడకండి. ఏడాదికి 5 లక్షల లోపు అమ్ముకునే మనలాంటివాళ్ళకి పాన్ గానీ ఆధార్ గానీ ఇస్తే టీడీఎస్ పన్ను కోత ఉండదు. ఇంటికొచ్చి తీసుకెళ్తారని కూడా మెచ్చుకున్నాను. అదీ నిజమే, కాకపోతే మధురవాడలో ఉండే మా ఆడపడుచుకి 'రేపు వస్తాం' అనే మెసేజే చాలాసార్లు వచ్చింది. మాకు దగ్గర కాబట్టి ఇబ్బంది రాలేదేమో.

కొనడం వైపు నాకు పెద్దగా ఫిర్యాదు లేదు. చొక్కాకి ఛాతీ, భుజం, పొడవు టేపు పెట్టి కొలిచి అంగుళాల్లో రాస్తారు. కొత్తవి అమ్మేవాళ్ళు కూడా అంత శ్రద్ధ చూపరు, ఎం, ఎల్ అని రాసి మన ఖర్మకి వదిలేస్తారు. నాకు బాగా పనికొచ్చింది చలి బట్టలకి. మన ఊళ్ళో స్వెట్టర్ కొనడమంటే డబ్బు ఉప్పునీళ్ళలో పోసినట్టే, బీరువాలో చెమ్మకి బూజు పట్టడం తప్ప పని ఉండదు. కానీ లంబసింగి, అరకు వెళ్తే అది లేకుండా తెల్లారదు. పిల్లలిద్దరికీ మంచి కంపెనీ జాకెట్లు 600 చొప్పున తీసుకున్నాను. లంబసింగిలో తెల్లవారుజామున పొగమంచులో అవే కాపాడాయి. వచ్చాక ఉతికి ఆరేసి మళ్ళీ వాళ్ళకే పంపితే 550కి పెట్టారు. బ్రాండ్ గడిలో పేరుంది మరి!

వాసన గురించి ఒక హెచ్చరిక. అత్తరు వాసనో సెంటు వాసనో ఉంటే వాపసు తీసుకోరు, అది లోపం కాదట. ఫాల్ మాత్రం లోపం. మా అత్తయ్యగారు ఎవరో కట్టి విడిచినవని ఇప్పటికీ ముఖం చిట్లిస్తారు. పసుపు నీళ్ళు చల్లనిదే ఆ పెట్టె గుమ్మం దాటి లోపలికి రాదు. దానితో నాకు పేచీ లేదు, ఎలాగూ ఉతికే వేస్తాం.

ఎవరికి చెప్తాను అంటే, మాలాగా ఎదిగే పిల్లలున్న ఇంటికి, ఏడాదికో సైజు మారే ఇంటికి, కళ్ళు మూసుకుని చెప్తాను. మాల్ బట్టలు ఎక్కువ వాడే ఉద్యోగస్తులకీ పనికొస్తుంది. పోనీలే పోయినా ఫరవాలేదు అనుకున్న బట్టే పంపండి. చేనేత పంపాలంటే మాత్రం, నేను కట్టుకున్నవాటి మీద కాస్త మమకారం ఎక్కువున్న మనిషిని, నా మాట అలా కొంచెం తగ్గించి తీసుకోండి. నేత తెలిసిన వేరే సంస్థలు ఉండొచ్చు, నా అనుభవం మాత్రం దీనితోనే. మీ దగ్గర సిల్క్ మార్క్ చీటీ గానీ బిల్లు గానీ భద్రంగా ఉంటే మీ గ్రేడ్ వేరేగా రావచ్చు.

అత్తయ్యగారి వెంకటగిరి చీరలు ఇంకా రెండున్నాయి. వాటిని వాట్సాప్‌లో మా అపార్ట్‌మెంట్ గ్రూపులో పెట్టాను, ఫాల్ కుట్టి ఉందని ముందే రాసి. మూడో అంతస్తు ఆవిడ ఒకదానికి 1,800 అడిగింది, ఫాల్ కుట్టించే ఖర్చు తప్పిందని సంతోషించింది కూడా. రెండోది 2,000కి తక్కువైతే ఇవ్వనని చెప్పాను, బేరం నడుస్తోంది.