అన్నం తూచే కాటా: కొనవచ్చా?

వంటింట్లో వాడే డిజిటల్ కాటా గురించి ఈ సమీక్ష. తెల్ల ప్లాస్టిక్ ఒళ్లు, పైన గుండ్రటి తట్ట, ముందువైపు చిన్న తెర, రెండు మీటలు, అడుగున రెండు పెన్సిల్ సెల్స్. ఒక గ్రాము తేడాను కూడా చూపిస్తుందని, పది కిలోల వరకు మోస్తుందని డబ్బా మీద రాసి ఉంది. ఇదే యంత్రం ఆన్‌లైన్‌లోనూ, స్టీలు సామాన్ల కొట్లలోనూ రకరకాల పేర్లతో దొరుకుతోంది కాబట్టి పేరు రాసి ప్రయోజనం లేదు. నాకు నాలుగు వందల లోపే పడింది. బరువు తగ్గడం కోసం మా ఇంట్లోకి వచ్చిన వస్తువుల్లో దుప్పటి ఆరేయడానికి పనికిరానిది ఇదొక్కటే. రోజూ వాడుతున్నదీ ఇదొక్కటే.

నాకు నలభై ఆరేళ్లు. తెనాలిలో ఉంటాం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కుర్చీలో కూర్చుని ఫైళ్లు చూసే ఉద్యోగం. రక్తపరీక్షలో షుగరు హద్దు దగ్గరికి వచ్చిందని, ముందు నడుము చుట్టుకొలత తగ్గించమని డాక్టరు చెప్పారు. మన దేశపు ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు, మగవాళ్లకు 90 సెంటీమీటర్లు హద్దు. బీఎంఐ, అంటే ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చెప్పే అంకె, దాని ప్రకారం కూడా మనకు 23 దగ్గరే అధిక బరువు మొదలవుతుంది. పాశ్చాత్యులకు ఇచ్చిన 25 వెసులుబాటు మన పొట్టలకు లేదు. సరే, తక్కువ తినాలి. దేనికంటే తక్కువ? ఎంత తింటున్నానో తెలిస్తే కదా ఎంత తగ్గించాలో తెలిసేది! కాటా కొన్నది అందుకు.

పళ్లెం తట్ట మీద పెట్టి మీట నొక్కితే పళ్లెం బరువు పోయి సున్నా వస్తుంది. అప్పుడు అన్నం వడ్డించుకుంటే అన్నం బరువు ఒక్కటే కనిపిస్తుంది. తర్వాత మళ్లీ సున్నా చేసి పప్పు, మళ్లీ సున్నా చేసి కూర. అన్నీ కలిపి నిమిషం కూడా పట్టదు. మధ్యాహ్నం నేను మామూలుగా తినే అన్నం 420 గ్రాములు తూగింది. బియ్యం ఉడికితే రెండున్నర నుంచి మూడు రెట్ల బరువు అవుతుంది కాబట్టి అది దాదాపు 150 గ్రాముల బియ్యం, ఐదు వందల కేలరీల పైమాటే. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాల్లో రెండు వేల కేలరీల రోజుకు ఒక నమూనా పళ్లెం ఇచ్చారు. వండకముందు బరువు ప్రకారం ధాన్యాలన్నీ కలిపి 250 గ్రాములు, కూరగాయలు, ఆకుకూరలు 400 గ్రాములు. నా పళ్లెంలో లెక్క తిరగబడి ఉంది. పొద్దున దోసెలూ రాత్రి చపాతీలూ కలిపితే ధాన్యం ఎక్కడికి పోతోందో చెప్పనక్కర్లేదు. కూరగాయలు మాత్రం బెండకాయ వేపుడు రూపంలో నాలుగు చెంచాలు.

నాకు అసలు ఉపయోగపడింది ఈ అంకె కాదు. మన భోజనం ఎలా సాగుతుందో ఒకసారి చూడండి. పప్పుతో కొంత, కూరతో కొంత, పచ్చడితో రెండు ముద్దలు, చారుతో కొంత, చివర పెరుగు. ప్రతి వంతుకూ గిన్నెలోంచి కొత్తగా అన్నం పెట్టుకుంటాం. కూర మిగిలిందని అన్నం, అన్నం మిగిలిందని చారు, చారు ఎక్కువైందని మళ్లీ అన్నం, ఆ తర్వాత పెరుగన్నం తినకుండా లేస్తే భోజనమే కాదు. ఇందులో ఎక్కడా ఆకలి ప్రసక్తి లేదు. అన్నం గిన్నె చేతికందే దూరంలో ఉండడం, ఆవకాయ జాడీ దాని పక్కనే ఉండడం, టీవీలో సీరియల్ నడుస్తూ ఉండడం, అంతే. కాటా వచ్చాక మొత్తం అన్నం మొదటే ఒకసారి తూచి, పళ్లెంలో ఒక పక్కగా పెట్టుకుంటున్నాను. పప్పుకు ఎంత, చారుకు ఎంత, పెరుగుకు ఎంత అని ఆ కుప్పలోంచే పంచుకోవాలి. ఇలా పంచుకుంటూ తింటే మనసు పళ్లెం మీద ఉండక తప్పదు. పెరుగుకు ఉంచుకోవాలంటే ఆవకాయ దగ్గర చెయ్యి దానంతట అదే నెమ్మదిస్తుంది. ధ్యాసపెట్టి తినండి, నెమ్మదిగా నమలండి అని అందరూ చెబుతారు. ఎలాగో ఎవరూ చెప్పరు. నాకు ఇలా కుదిరింది. మొదట్లో 420 నుంచి 300కు, తర్వాత 220కి వచ్చాను. తగ్గిన చోట కూర, పప్పు పెంచాను. లేకపోతే నాలుగింటికి ఆఫీసులో మిరపకాయ బజ్జీలు పిలుస్తాయి.

ఇంట్లో గొడవ జరగలేదని కాదు. "ప్రతి ముద్దకూ బిల్లు వేస్తావా?" అన్నారు మా వారు. అత్తయ్యగారికి డెబ్బై ఎనిమిదేళ్లు. "తూచి పెట్టేది పశువులకు దాణా అమ్మాయ్, మనుషులకు కాదు. లెక్కపెట్టిన తిండి ఒంటికి పట్టదు" అన్నారు. ఆవిడ మాత్రం ఇప్పటికీ బియ్యం సోలతో కొలిచే ఎసట్లో పోస్తారు. "మీరూ కొలుస్తారు కదా అత్తయ్యా?" అంటే "అది బియ్యం, ఇది అన్నం" అని తేల్చేశారు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు. అందుకే ఒక పద్ధతి పెట్టుకున్నాను. నా పళ్లెం ఒక్కటే తూస్తాను, అదీ వంటింట్లోనే. బంధువులు వచ్చిన రోజు కాటా బయటికి రాదు. పిల్లల కంచాలు ఎప్పుడూ తూచను. సంక్రాంతికి అరిసెల పాకం దగ్గర పిండికి ఎంత బెల్లమని వాదన వచ్చినప్పుడు మాత్రం అత్తయ్యగారే "దాన్ని ఇలా తే" అన్నారు.

ఇక నూనె. కాటా తన ధర వసూలు చేసి పెట్టేది ఇక్కడే. చెంచాలతో కొలిస్తే చేతులన్నీ జిడ్డు, పైగా పోపులో వేసేటప్పుడు ఎవరు కొలుస్తారు? ఒక ఉపాయం ఉంది. నూనె డబ్బాను తట్ట మీద పెట్టి సున్నా చేయండి. కావలసినంత మూకుడులో పోసుకుని డబ్బాను మళ్లీ తట్ట మీద పెట్టండి. ఎంత పోశారో మైనస్ గుర్తుతో తెర మీద కనబడుతుంది. మా గుత్తి వంకాయ కూరకు మైనస్ 70 చూపించింది. గ్రాముకు తొమ్మిది కేలరీల చొప్పున ఒక్క కూరలో 630. ఇందాకటి నమూనా పళ్లెంలో మనిషికి రోజంతటికీ నూనె, నెయ్యి కలిపి 27 గ్రాములే. మేము అయిదుగురం, అంటే 135. అందులో సగానికి పైగా ఆ వంకాయలే తాగేశాయి. టొమాటో పచ్చడి పోపు, దోసెల నూనె, పప్పులోకి నెయ్యి ఇంకా లెక్కలోకే రాలేదు. ఇప్పుడు అదే కూర 40 గ్రాములతో చేస్తున్నాను, మూతపెట్టి సన్నని మంట మీద మగ్గనిస్తే చాలు. తేడా మా వారికి తెలియలేదు. అత్తయ్యగారికి తెలిసింది, కానీ తిన్నారు.

పల్లీ చట్నీ గురించీ ఒక మాట. ఇడ్లీ తేలిక అని మనకు ధైర్యం. నిజమే, ఇడ్లీ తేలికే. దాని పక్కన పోసుకునే చట్నీలో వేరుశనగ గుళ్లు వంద గ్రాములకు 550 కేలరీల దాకా ఉంటాయి. ఇడ్లీని మూడు నుంచి రెండుకు తగ్గించి, చట్నీ రెండోసారి పోయించుకునేవాళ్లను మా ఆఫీసు క్యాంటీన్‌లో రోజూ చూస్తుంటాను.

లోపాలు చాలానే ఉన్నాయి. అన్నిటికంటే విసిగించేది దానంతట అది ఆరిపోవడం. రెండు నిమిషాలు ఏమీ పెట్టకపోతే తెర ఆరిపోతుంది. మధ్యలో కుక్కర్ కూత వేసిందని వెళ్లి వస్తే చేసిన సున్నా పోతుంది, గిన్నె దించి మొదటి నుంచి మొదలు. రెండోది, తట్ట చిన్నది, తెర దానికి మరీ దగ్గర. వెడల్పు పళ్లెం పెడితే అంకెలు దాని కిందికి వెళ్లిపోతాయి, వంగి చూడాలి. ఒక చిన్న గిన్నెను బోర్లించి దాని మీద పళ్లెం పెడితే కనబడతాయి. ఈ చిట్కా డబ్బా మీద రాస్తే బాగుండేది. మూడోది, చెంచాడు కారం, చిటికెడు ఉప్పు లాంటివి దీంతో తూచలేం. మెల్లగా పోస్తుంటే రెండు మూడు గ్రాముల వరకు కదలదు, తర్వాత ఒక్కసారి గెంతుతుంది. వేడి గిన్నెలు నేరుగా పెట్టకండి. లోపల ఉండేది బరువుకు రవ్వంత వంగే లోహపు కడ్డీ, ఆ వంపునే యంత్రం బరువుగా చదువుతుంది. వేడి తగిలితే లెక్క తప్పుతుంది. గట్టు ఎగుడుదిగుడుగా ఉన్నా అంతే. నీళ్లు పడితే మీటల సందుల్లోంచి లోపలికి దిగుతాయి కాబట్టి తడిగుడ్డతో తుడవడమే, కడగకూడదు. బిళ్ల బ్యాటరీతో నడిచే రకం కొనకండి. అది అయిపోయిన రోజు మీ వీధి కొట్లో దొరకదు, దొరికేలోగా అలవాటు తప్పుతుంది.

మనుషులు ఎక్కే కాటా వేరు. రెండూ కొంటే మంచిదే కానీ దాని అంకెతో జాగ్రత్త. పండగ మర్నాడు కిలోన్నర పెరిగినట్టు చూపిస్తే గుండె జారుతుంది. కిలో కొవ్వు అంటే దాదాపు 7,700 కేలరీలు, ఒక్క రోజు బొబ్బట్లతో అంత ఎక్కించడం ఎంత ప్రయత్నించినా కష్టం. పెరిగిందాంట్లో చాలా వరకు నీళ్లే. ఒంట్లో నిల్వ చేరే ప్రతి గ్రాము పిండిపదార్థం తనతో దాదాపు మూడు గ్రాముల నీటిని పట్టుకుంటుంది, ఉప్పు కూడా నీటిని ఆపుతుంది. చాలామంది సరిగ్గా ఈ మర్నాడే ఆశ వదిలేస్తారు. అందుకని రోజు అంకె కాకుండా వారం సగటు చూసుకుంటాను. అమెరికాలో 1994 నుంచి ఒక నమోదు పట్టిక నడుస్తోంది. కనీసం 13.6 కిలోలు తగ్గి, ఏడాదైనా ఆ బరువును నిలబెట్టుకున్నవాళ్లు అందులో చేరతారు. వాళ్లలో నాలుగింట మూడు వంతుల మంది వారానికి ఒక్కసారైనా బరువు చూసుకుంటారట. బరువు తగ్గిపోయాక కూడా! మనం తగ్గగానే కాటాను అటక ఎక్కిస్తాం, ఆరు నెలలకు పాత చుడీదార్లు బిగుతు అవుతాయి.

ఉత్సాహం గురించి నన్ను అడిగేవాళ్లకు నేను చెప్పేది వేరు. నాకు ఉత్సాహం వారానికి రెండు రోజులు ఉంటే గొప్ప. కాటాకు అది అక్కర్లేదు. విసుగ్గా ఉన్న రోజు కూడా పళ్లెం పెట్టి మీట నొక్కవచ్చు. ఎక్కువ తినాలనిపించిన రోజు ఎక్కువే తూచుకుని తింటాను, తెర మీద 350 అని చూసి, ఒప్పుకుని తింటాను. రెండు రోజులు వరసగా అలా వస్తే మూడో రోజు ఎందుకో ఆలోచన వస్తుంది: నిద్ర లేదనో, ఆఫీసులో ఎవరితోనో మాట పడిందనో. ఈ పని ఏ ఫోను యాప్ నాకు చేసి పెట్టలేదు. ఒక యాప్‌లో పులిహోర అని వెతికితే ఒకదానికొకటి పొంతన లేని అరడజను లెక్కలు వచ్చాయి. చిన్న నోటు పుస్తకం చాలు.

అన్నీ తూచాలని కూడా కూర్చోకండి. మొదటి నెలల్లో కొత్తిమీర కూడా తూచేదాన్ని, తర్వాత విసుగొచ్చింది. ఇప్పుడు నాలుగే తూస్తాను: అన్నం, నూనె, వేరుశనగ గుళ్లు, తీపి. బీరకాయ, తోటకూర, మజ్జిగ ఎంతైనా నా ఇష్టం. కొన్నాళ్లు తూచాక కన్నుకు అంచనా వస్తుంది, గిన్నెలో 220 ఎక్కడికి వస్తుందో చూడగానే తెలుస్తుంది. అయితే ఆ అంచనా నమ్మదగింది కాదు. నెల రోజులు వదిలేసి చూస్తే నా 220 మెల్లగా 270 అయి కూర్చుంది, ఒక్కసారి కూడా అటువైపు తగ్గింది లేదు. అందుకే కాటా గట్టు మీదే ఉంటుంది.

ఎవరు కొనకూడదు? అన్నం చూస్తేనే భయం వేసేవాళ్లు, పూటలు మానేసి తర్వాత ఒకేసారి తినేవాళ్లు, ఎదిగే ఆడపిల్లలు ఈ అంకెలకు దూరంగా ఉండాలి. వాళ్లకు ఇది మేలుకన్నా కీడే చేస్తుంది. షుగరు మాత్రలో ఇన్సులినో వాడుతున్నవాళ్లు అన్నం ఒక్కసారిగా తగ్గించే ముందు డాక్టరుతో మాట్లాడాలి.

ఐదుకు నాలుగు ఇస్తాను. తెర ఉన్న చోటుకు, ఆరిపోయే తొందరకు ఒకటి కోత. కిరాణా కొట్టు కాటా మీద తూనికలు కొలతల శాఖ ముద్ర ఉంటుంది, దీని మీద ఉండదు, కాబట్టి సరిచూసుకునే పూచీ కొన్నవాళ్లదే. ఇంటికి రాగానే ఖాళీ గిన్నె పెట్టి సున్నా చేసి, కొలగ్లాసుతో సరిగ్గా అర లీటరు నీళ్లు పోయండి. 500 గ్రాములు రావాలి. తర్వాత అర లీటరు పాల ప్యాకెట్టు పెట్టండి. పాలు నీళ్లకన్నా కాస్త బరువు కాబట్టి 515కు కొంచెం అటూ ఇటూగా చూపించాలి. తట్ట మధ్యలో ఒకసారి, అంచున ఒకసారి పెట్టి చూడండి. పది గ్రాములకు మించి తేడా వస్తే తిరిగి ఇచ్చేసే గడువు దాటకముందే వెనక్కి పంపేయండి, ఆ డబ్బాను మాత్రం అప్పటిదాకా చించకండి.