వంద రూపాయలుంటే బాలింతకు ఏది కొనాలి: యాపిలా, జామకాయా?

విజయనగరంలో బాలింతను చూడటానికి వెళ్ళేవాళ్ళు గంటస్తంభం దగ్గర ఆగి యాపిల్స్ కొంటారు. జామకాయలు పట్టుకెళ్తే ఏం బాగుంటుందని మొహమాటం. మా చెల్లి 2023 జులైలో మా ఇంట్లోనే పురుడు పోసుకుంది. టమాటా కిలో వంద దాటిన రోజులవి. ఇంట్లో కూరలు తగ్గిపోయి పూటపూటా పప్పుచారే. మంచం పక్కన సంచిలో మాత్రం చుట్టాలు తెచ్చిన యాపిల్స్ తిన్నన్ని తినగా మిగిలి మెత్తబడిపోయేవి. ఆ డబ్బుతో ఎన్ని కూరలొచ్చేవో అని ఇప్పటికీ బాధేస్తుంది.

పాలిచ్చే తల్లికి రోజుకు 115 మిల్లీగ్రాముల సి విటమిన్ కావాలని ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2020లో చెప్పింది. వంద గ్రాముల జామలో అది 200 పైనే ఉంటుంది. అంతే బరువు యాపిల్లో ఐదారు మించదు. ఒక్క జామకాయతో తీరే అవసరం కిలో యాపిల్స్ తిన్నా తీరదు! తల్లికి ఈ విటమిన్ బాగా కొరవడితే పాలలోనూ తగ్గుతుంది. యాపిల్ నాలుగు రోజులు నిలవుంటుంది, నిజమే. అంతకు మించి దానికి అంత ధర పెట్టక్కర్లేదు.

"జాంకాయ తింటే పిల్లకి జలుబు సేస్తాదమ్మా" అనేది మా నాయనమ్మ. ఆవిడ ప్రేమను కాదనను. కానీ జలుబు వైరస్‌తో వస్తుంది, తల్లి తిన్న పండుతో కాదు.

ఇక కూరల్లో క్యాలీఫ్లవర్ కన్నా మునగాకుకే నా ఓటు. వంద గ్రాముల ఆకులో 300 మిల్లీగ్రాముల పైగా కాల్షియం ఉంటుంది. తల్లి తినే తిండిలో కాల్షియం చాలకపోయినా పాలలో పెద్దగా తగ్గదు, ఒళ్ళు ఆమె ఎముకల్లోంచి తీసి ఇస్తుంది. అందుకే ఆమె తినాలి. పెరట్లో చెట్టుంటే పైసా ఖర్చు లేదు, ఉన్న ఖర్చల్లా ఓపికే. చేటలో రెమ్మలేసుకుని దూస్తూ కూర్చుంటే ఎంతసేపటికీ గుప్పెడు దాటదు, ఈలోగా పిల్ల లేస్తుంది. చెల్లి రెండుసార్లు సగం దూసిన రెమ్మలు అలాగే వదిలేసి లేచింది. మూడోసారి చేట నేనే తీసుకున్నాను.

దూసేవాళ్ళు లేని ఇంట్లో తోటకూర మేలు. కాస్త నూనె వేసి వండితే అందులోని ఎ విటమిన్ బాగా ఒంటపడుతుంది. కాబట్టి వందలో ముందు జామ, రెండు కట్టలు తోటకూర, మిగిలితే గుడ్లు.

వచ్చే వారం పక్కవీధిలో బాలింతను చూడటానికి వెళ్తున్నాను. కిలో జామకాయలు, దూసిన మునగాకు ఒక డబ్బా పట్టుకెళ్తాను.