పోత ఇనుప క్యాంప్ ఓవెన్: చక్కెర తగ్గించిన పండ్ల క్రిస్ప్‌కు పనికొస్తుందా?

ఈ కుండ నేను కొన్నది ఒకే ఒక్క వంటకం కోసం. చక్కెర బాగా తగ్గించి, పైన ఓట్స్ పొర వేసి, పండ్లను బేక్ చేసే క్రిస్ప్ కోసం. కుండ పది అంగుళాల వెడల్పు ఉంటుంది, దాదాపు నాలుగు లీటర్లు పడుతుంది. కింద మూడు పొట్టి కాళ్లు, ఎత్తడానికి తీగ పిడి, చుట్టూ అంచు లేచిన బల్లపరుపు మూత. దీన్నే క్యాంప్ డచ్ ఓవెన్ అంటారు. కాళ్ల మధ్య కొన్ని నిప్పులు, మూత మీద కొన్ని నిప్పులు పెడితే చాలు, ఓవెన్ అయిపోతుంది. ఇందులో బ్రెడ్డు, కూరలు, మాంసం అన్నీ వండేవాళ్లున్నారు. నేను మాత్రం పండ్ల సంగతే రాస్తాను.

మా నాన్నకు షుగర్. క్యాంపింగ్‌కి వెళ్లినప్పుడు రాత్రి భోజనాలయ్యాక మేమంతా తీపి తింటుంటే ఆయన మెల్లగా లేచి పక్కకు వెళ్లిపోయేవారు. నాకది అస్సలు నచ్చేది కాదు. ఆయనా మాతోపాటు కూర్చుని, టెన్షన్ లేకుండా నాలుగు చెంచాలు తినగలిగేది ఒకటి ఉండాలనుకున్నాను.

మామూలు క్రిస్ప్ రెసిపీలు తీసి చూడండి. పండ్లలో కొంత, పై పొరలో కొంత కలిపి కప్పు చక్కెర వేయించేవి చాలా ఉన్నాయి. కప్పంటే 200 గ్రాములు. ఎనిమిది మందికి పంచితే తలా 25 గ్రాములు. కలిపిన చక్కెర, తేనె, పళ్లరసాల్లోని చక్కెర అన్నీ కలిపి రోజు కేలరీల్లో 10 శాతం దాటకూడదని, 5 శాతం లోపు ఉంటే ఇంకా మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. ఆ 5 శాతం పెద్దవాళ్లకు రోజుకు దాదాపు 25 గ్రాములు అవుతుంది. అంటే ఒక్క గిన్నె క్రిస్ప్‌తోనే ఆ రోజు లెక్క తీరిపోతుంది.

నేను 1.2 కిలోల పండుకు రెండు టేబుల్ స్పూన్ల తేనె వేస్తాను, అదీ పై పొరలోనే. తలా నాలుగు గ్రాముల చిల్లర చక్కెర. తేనె కాబట్టి పర్వాలేదని కాదు, తేనె కూడా ఈ లెక్కలోకే వస్తుంది. తక్కువ వేస్తున్నాం కాబట్టి పర్వాలేదు. ఇక పండులో ఉన్న చక్కెర ఎక్కడికీ పోదు. 150 గ్రాముల ఆపిల్‌లో 15 గ్రాముల దాకా ఉంటుంది. అందుకే నాన్న గిన్నె చిన్నది, ఆ రాత్రి ఆయన తినే మిగతా పిండి పదార్థాలు కూడా ఆ మేరకు తగ్గిస్తాం. తొక్కతో సహా కోస్తాను కాబట్టి పీచు మిగులుతుంది, ఓట్స్‌లోని బీటా గ్లూకాన్ అనే పీచు దానికి తోడవుతుంది.

ఇప్పుడు కుండ సంగతి. చక్కెర తగ్గించాక ఈ వంటకం ఈ కుండలో మరింత బాగా కుదురుతుంది. నా రివ్యూలో అసలు మాట ఇదే. చక్కెర ఎక్కువ పోసిన పండ్లు ఉడికేటప్పుడు పాకం అడుగుకు చేరి, కింది నిప్పుల వేడికి మాడి, ఇనుముకు రాయిలా అంటుకుంటుంది. అడుగున చేదు, కడగడానికి గంట. చక్కెర లేని పండ్లు తమ నీటిలోనే మెత్తబడతాయి. నిప్పులు ఒకటి రెండు ఎక్కువైనా రుచి పాడవదు. బయట గాలిలో, చీకట్లో, పిల్లలు చుట్టూ తిరుగుతుండగా వండేవాళ్లకు ఈ వెసులుబాటు చాలా పెద్దది.

వేడి లెక్క సులువే. బొగ్గు బ్రికెట్లు, అంటే బొగ్గుపొడిని ఒకే సైజులో అచ్చు వేసిన ముక్కలు వాడితే, కుండ వెడల్పు అంగుళాలకు మూడు కలిపినన్ని మూత మీద, మూడు తీసేసినన్ని అడుగున. పది అంగుళాల కుండకు పైన 13, కింద 7. లోపల వేడి 175 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో ఉంటుంది. చలి, గాలి ఉంటే పైన ఇంకో రెండు. బ్రికెట్ల మీద బూడిద రంగు పొర పట్టేదాకా ఆగి, అప్పుడు పెట్టాలి. పావుగంటకోసారి కుండను పావు చుట్టు ఒక వైపు, మూతను పావు చుట్టు రెండో వైపు తిప్పాలి. ఇది మానొద్దు. పోత ఇనుము వేడిని బాగా పట్టి ఉంచుతుంది గానీ పక్కకు నెమ్మదిగా పంపుతుంది, తిప్పకపోతే నిప్పు ఉన్నచోట మాడి, లేనిచోట పచ్చిగా ఉంటుంది. మొత్తం 40 నుంచి 50 నిమిషాలు. అంచుల దగ్గర రసం చిక్కగా, నిదానంగా బుడగలు వేస్తుంటే అయినట్టే. ఎత్తైన కొండ ప్రాంతాల్లో నీరు తక్కువ వేడికే మరుగుతుంది కాబట్టి పండు మెత్తబడడానికి ఇంకాస్త టైమ్ పడుతుంది.

అయితే పై పొర దగ్గర ఈ కుండ వెనకబడుతుంది. క్రిస్ప్ అంటేనే పైన కరకరలాడాలి. మూత బరువైనది, గట్టిగా కూర్చుంటుంది. పండ్లలో దాదాపు 85 శాతం నీరే. ఆ ఆవిరి బయటికి పోయే దారి లేక మూతకు తగిలి మళ్లీ ఓట్స్ మీదే పడుతుంది. పైగా కరకరలాడే గుణంలో సగం చక్కెర ఇచ్చేది, దాన్ని మనం తీసేశాం. ఏమీ చేయకుండా వదిలేస్తే పైన తడిసిన ఓట్స్ జావ మిగులుతుంది.

దీనికి నేను నమ్ముకున్న మార్గం ఓట్స్‌ను ముందే వేయించడం. బయల్దేరే ముందు ఇంట్లోనే ఒకటిన్నర కప్పుల రోల్డ్ ఓట్స్, అర కప్పు వాల్‌నట్ ముక్కలు సన్న సెగ మీద కమ్మని వాసన వచ్చేదాకా వేయించి, చల్లారాక అర కప్పు బాదం పొడి, దాల్చిన చెక్క పొడి, చిటికెడు ఉప్పు కలిపి సీసాలో పోస్తాను. అక్కడికి వెళ్లాక 60 గ్రాముల వెన్న, తేనె కలిపి పట్టించడమే. ఇన్‌స్టంట్ ఓట్స్ వద్దు, అవి ముద్దవుతాయి. ఈ పొరను పండ్ల మీద మొదట్లోనే వేయను. పండ్లు ఒంటరిగా 20 నిమిషాలు ఉడికాక, మూత మీది బూడిద తుడిచేసి, తీసి, అప్పుడు పరుస్తాను. చివరి పది నిమిషాలు అడుగు నిప్పులు తీసి మూత మీదికి చేర్చి, మూతను ఒక పక్కన సన్నటి పుల్ల ఆనించి వేలెడు సందు ఉంచుతాను. ఆవిరి పోతుంది, పైన ఎర్రబడుతుంది. తేనె చక్కెరకన్నా త్వరగా మాడుతుంది, ఆ పది నిమిషాలు కుండ దగ్గర నుంచి కదలకూడదు. ఇంత చేశాక వచ్చే కరకర బాగానే ఉంటుంది, కానీ ఇంట్లో ఓవెన్‌లో వచ్చినంత మాత్రం రాదు. అది ఒప్పుకునే కొనాలి.

పండ్ల ఎంపికలో శ్రద్ధ పెడితే చక్కెర లోటు తెలియదు. పుల్లటి ఆకుపచ్చ ఆపిల్స్ బేకింగ్‌కు ప్రసిద్ధి, కానీ అవి చక్కెర అడుగుతాయి. నేను ఫుజీ, గాలా లాంటి తియ్యటివి రెండు పాళ్లు, బాగా పండిన పియర్స్ ఒక పాలు తీసుకుంటాను. ఆపిల్ ముక్క నిలుస్తుంది, పియర్ కరిగి జామ్‌లా దాని చుట్టూ చేరుతుంది. నిమ్మరసం ఒక చెంచా, కార్న్‌ఫ్లోర్ రెండు చిన్న చెంచాలు, చిటికెడు ఉప్పు. ఉప్పు తీపిని పైకి తెస్తుంది, దాన్ని వదిలేయకండి. పీచ్‌లు, బెర్రీలు వేస్తే నీరు ఎక్కువ వస్తుంది, కార్న్‌ఫ్లోర్ ఇంకో చెంచా పెంచాలి. బెర్రీలు గడ్డకట్టించినవి తీసుకెళ్తే కూలర్‌లో కొంతసేపు ఐస్ పని కూడా చేస్తాయి.

ఇనుముతో ఒక పేచీ ఉంది. పండ్లలోని పులుపు కుండ లోపలి నూనె పూతను తింటుంది. బెర్రీల రంగు నల్లగా మారుతుంది, ఎక్కువసేపు ఉంటే లోహపు రుచి తగులుతుంది. అడుగున పార్చ్‌మెంట్ కాగితం పరిస్తే చాలావరకు ఆగుతుంది. కాగితం అంచులు నిప్పులకు తగలకుండా లోపలికి కత్తిరించాలి. మిగిలినది ఆ రాత్రే వేరే డబ్బాలోకి తీసేయాలి, పొద్దున్నదాకా కుండలో ఉంచకూడదు. కడగడానికి వేడి నీళ్లు, చెక్క గరిటె చాలు. తడి లేకుండా మిగిలిన నిప్పుల మీద ఆరబెట్టి, పల్చగా నూనె రాస్తే తుప్పు పట్టదు.

కొత్త కుండ లోపల గరుకుగా ఉంటే లోపం అనుకోవద్దు. ఇనుప కుండలను ఇసుక అచ్చులో పోసే పద్ధతికి ఏబ్రహం డార్బీ ఇంగ్లండ్‌లో 1707లో పేటెంట్ తీసుకున్నాడు, ఇవి ఈనాటికీ ఇసుక అచ్చుల్లోనే తయారవుతున్నాయి. ఆ ఇసుక గుర్తే ఈ గరుకు. వాడేకొద్దీ నునుపెక్కుతుంది. చూడాల్సింది మూత అంచు. బల్ల మీద పెట్టి మూత వేసి వేలితో నొక్కితే కొంచెం కూడా ఊగకూడదు. నాకు మొదట వచ్చింది ఊగింది, మార్చి ఇచ్చారు. మూత ఎత్తే కొక్కెం విడిగా కొనుక్కోవాల్సి వచ్చింది. అది లేకుండా నిప్పులున్న మూతను తీయడం ప్రమాదం కాబట్టి, పెట్టెలోనే ఇవ్వాల్సిన వస్తువని నా గట్టి అభిప్రాయం. మందపాటి తోలు గ్లవ్స్ కూడా తప్పనిసరి.

వాన వచ్చినా, చలేసినా నిప్పులతో ఉన్న కుండను టెంట్‌లోకి తేకండి. ఆరిపోయినట్టు కనిపించే బొగ్గు కూడా కార్బన్ మోనాక్సైడ్ వదులుతుంది. దానికి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

బరువు ఏడు కిలోలకు దగ్గర. కారు దిగిన చోటే టెంట్ వేసేవాళ్లకు ఇబ్బంది లేదు. వీపున సంచితో నడిచేవాళ్లు దీని జోలికి పోవద్దు. వాళ్లకు అల్యూమినియం క్యాంప్ ఓవెన్లు ఉన్నాయి, బరువు మూడో వంతే, పులుపుతో తుప్పు పట్టవు. కాకపోతే వేడి త్వరగా ఎక్కి త్వరగా దిగుతుంది, నిప్పుల లెక్కలో ఇంకా జాగ్రత్త కావాలి.

ఇంట్లో వాడకానికే అయితే మాత్రం ఈ కుండ కొనకండి. కాళ్లు ఓవెన్ కమ్మీల సందుల్లో దిగబడి ఒరిగిపోతుంది, కింద పళ్లెం పెట్టాలి. అదే మిశ్రమాన్ని వెడల్పాటి గాజు బేకింగ్ డిష్‌లో పోసి, మూత లేకుండా 180 డిగ్రీల్లో 40 నిమిషాలు ఉంచితే పైన మరింత కరకరలాడుతుంది, చేతికి శ్రమా తక్కువ. ఓట్స్ ముందే వేయించక్కర్లేదు కూడా.

క్యాంప్ కోసం అయితే ఐదుకు నాలుగు ఇస్తాను. తగ్గించిన ఒకటి ఆ ఆవిరికీ, విడిగా కొనిపించిన కొక్కేనికీ. మొన్న మూత తీయగానే నాన్న "నాకూ పెడతావామ్మా?" అని తనే గిన్నె చాపారు. పాలు, ఐస్‌క్రీమ్ కాకుండా చప్పటి పెరుగు ఒక చెంచా పైన వేసి ఇచ్చాను. అలా తింటేనే బాగుందన్నారు, ఇప్పుడు మేమందరం అలాగే తింటున్నాం.