నోటి క్యాన్సర్ పరీక్ష: ఇంట్లో అద్దం ముందా, డెంటిస్ట్ దగ్గరా?

అద్దం ముందు చూసుకోవడానికి ఖర్చు లేదు, నెలకోసారి చేసుకోవచ్చు. కట్టుడు పళ్లు తీసేసి, నోరు పుక్కిలించి, ఫోన్ టార్చ్ వేసుకుని పెదాల లోపల, బుగ్గలు, చిగుళ్లు, నాలుక కింద చూడాలి. మూడు వేళ్లు నిలువుగా నోట్లో పట్టకపోతే, అందులోనూ వక్క, గుట్కా అలవాటుంటే, వెంటనే డాక్టర్‌కి చూపించుకోవాలి.

అద్దానికి అందని చోట్లతోనే చిక్కు. డెంటిస్ట్ నాలుక కొనను గాజుగుడ్డతో పట్టి పక్కకు లాగి, వెనక అంచు దాకా చూస్తారు. ఒక వేలు నోట్లో, ఇంకో చేయి గడ్డం కింద పెట్టి నోటి అడుగు నొక్కి చూస్తారు. మెడలో గడ్డలున్నాయేమో తడుముతారు. అయిదు నిమిషాల పని. తెల్లమచ్చ తుడిస్తే పోకపోతే అనుమానించాల్సిందే. మఖమల్ లాంటి ఎర్రమచ్చ అంతకంటే ప్రమాదం. ఉత్తరాంధ్రలో అడ్డపొగ (చుట్ట నిప్పు కొనను నోట్లో పెట్టుకుని) తాగే ఆడవాళ్లకు మచ్చలు అంగిట్లో వస్తాయి, సొంతంగా చూసుకోవడం కష్టం. నొప్పి లేదుగా అని ఊరుకోవద్దు, మొదట్లో నొప్పి ఉండకపోవచ్చు.

అయితే డెంటిస్ట్ చూపు కూడా అనుమానం వరకే. నీలిరంగు పూసి చూసే పరీక్షలో మామూలు పుండు కూడా రంగు పట్టొచ్చు. మొనతేలిన పన్ను గీరుకుంటుంటే దాన్ని అరగదీసి, 2 వారాల్లో పుండు మానకపోతే చిన్న ముక్క తీసి బయాప్సీకి, అంటే మైక్రోస్కోప్ కింద చూసే పరీక్షకు పంపాలి.

పొగాకు వాడేవాళ్లు అద్దాన్ని మాత్రమే నమ్ముకోకూడదు. పన్ను నొప్పికి వెళ్లినప్పుడు ఆ పన్నొక్కటే చూసి పంపేయొచ్చు, కాబట్టి "నోరంతా చూడండి డాక్టర్ గారూ" అని అడగండి.