వాక్యూమ్ జార్‌లో కాఫీ గింజలు ఆరు నెలలు తాజాగా ఉంటాయట, నమ్మి కొనకండి

కాఫీ గింజలు దాచుకోవడానికని మూతకు చిన్న పంపు ఉన్న గాజు జార్ ఒకటి ఆన్‌లైన్‌లో తెగ అమ్ముతున్నారు. పంపు కాసేపు నొక్కితే లోపలి గాలంతా బయటికి పోతుందట, ఆరు నెలలైనా గింజలు వేయించిన రోజు ఎలా ఉన్నాయో అలాగే ఉంటాయట. ధర రెండు వేలకు కాస్త అటూ ఇటూ. నేను కొన్నాను. డబ్బులూ పోయాయి, వాటితో పాటు మంచి గింజలూ పోయాయి. ఇక్కడ అనంతపురంలో మా వీధిలోనే ఇంకొకరు ఇదే జార్ ఆర్డర్ పెట్టబోతున్నారని తెలిసి ఇది రాస్తున్నా. అమ్మినవాళ్ళ మీద ఫిర్యాదు ఇంకా నడుస్తోంది కాబట్టి పేరు రాయడం లేదు, రాసినా పెద్దగా లాభం ఉండదు, ఎందుకంటే అదే సరుకు రకరకాల పేర్లతో దొరుకుతోంది. దాన్ని ఎలా పట్టుకోవాలో చెప్తా.

మా తమ్ముడు బెంగళూరులో పని చేస్తాడు, ఇంటికొచ్చినప్పుడల్లా చిక్కమగళూరు గింజలు తెస్తాడు, వేయించిన తేదీ ప్యాకెట్ మీద ఉండేవే తెస్తాడు. ఈసారి కాస్త ఎక్కువే తెచ్చాడు. మన ఎండల సంగతి తెలిసిందే కదా, ఏప్రిల్ వచ్చిందంటే 40 డిగ్రీలు దాటడం మామూలే, వంటగదిలో ఇంకా ఎక్కువ. అందుకే జార్ తెప్పించి, వాళ్ళిచ్చిన కాగితంలో ఉన్నట్టే గింజలు పోసి, పంపు కొట్టి, స్టవ్‌కు దూరంగా అలమరలో పెట్టాం. మూత మీద ఎర్ర బటన్ ఒకటి ఉంటుంది. గాలి పోతే అది లోపలికి దిగుతుంది, గాలి చేరితే పైకి లేస్తుంది. రాత్రి పంపు కొట్టి పడుకుంటే పొద్దున్నే లేచి ఉంది. మళ్ళీ కొట్టాం, మళ్ళీ లేచింది.

కస్టమర్ కేర్‌కు చాట్‌లో రాస్తే ఏమన్నారంటే, 'సార్, అది లోపం కాదు, కొత్తగా వేయించిన గింజలు గ్యాస్ వదులుతాయి, అందుకే బటన్ లేస్తుంది, రెండు వారాలు ఆగండి, సర్దుకుంటుంది.' ఇక్కడే ఉంది అసలు కిటుకు. వాళ్ళు చెప్పింది సగం నిజం. గింజ వేగేటప్పుడు లోపల కార్బన్ డయాక్సైడ్ తయారవుతుంది, అది రోజుల తరబడి మెల్లగా బయటికి వస్తూనే ఉంటుంది. మంచి కాఫీ ప్యాకెట్ల మీద చిన్న గుండ్రటి వాల్వ్ కనిపిస్తుందే, అది ఉన్నది ఇందుకే, లోపలి గ్యాస్ బయటికి పోతుంది గానీ బయటి గాలి లోపలికి రాదు. కాబట్టి మూత సరిగ్గా ఉన్నా సరే, కొత్త గింజలు పోస్తే బటన్ లేవొచ్చు. అది విన్నాక ఎవరైనా నోరు మూసుకుని రెండు వారాలు ఆగుతారు. వాపసు గడువేమో 7 రోజులు. ఆగమన్నది వాళ్ళే, ఆగాక గడువు దాటిందన్నదీ వాళ్ళే.

ఈలోపు ఒక పొద్దున అమ్మ కాఫీ ఒక గుక్క తాగి, 'ఇదేం కాఫీరా, పాత శెనగనూనె వాసనొస్తోంది' అని గ్లాసు పక్కన పెట్టేసింది. నిజమే, జార్ మూత తీసి ముక్కు పెడితే అదే వాసన. గింజల్లోని నూనెకు గాలి తగిలితే జరిగేది ఇదే, వేడి ఉంటే ఇంకా తొందరగా జరుగుతుంది. అప్పటికప్పుడు గ్రైండ్ చేసిన పొడి మీద వేడినీళ్ళు పోస్తే, తాజా గింజలదైతే పైన బుడగలు కట్టి పొంగుతుంది. మాది చప్పగా, తడిసిన మట్టిలా కిందికి దిగిపోయింది. అదే రోజు కొని మామూలు స్టీలు డబ్బాలో, ప్యాకెట్‌తో సహా పెట్టిన గింజలు ఇంకా బాగానే ఉన్నాయి, వాటితో డికాక్షన్ తీసి చూశాం కూడా.

అప్పుడు జార్ మొత్తం ఖాళీ చేసి, కడిగి, ఆరబెట్టి, మూత లోపలి సిలికాన్ రబ్బరు శుభ్రంగా తుడిచి పంపు కొట్టాం. గింజ ఒక్కటి కూడా లేదు, ఇంక గ్యాస్ అన్న మాటే ఉండదు కదా. పొద్దున్నకు బటన్ లేచే ఉంది. ఆ తర్వాత ఇంకో చోద్యం, బటన్ కిందికి దిగి ఇరుక్కుపోయింది, మూత మాత్రం ఒక్క వేలితో పైకి వచ్చేస్తోంది. అంటే ఆ బటన్‌ను చూసి గాలి లేదనుకోవడం కూడా దండగే. పిల్లల పుట్టినరోజుకు తెచ్చిన బెలూన్ ఒకటి కొద్దిగా ఊది, ముడేసి, ఖాళీ జార్‌లో వేసి పంపు కొట్టి చూడండి. చుట్టూ గాలి తగ్గేకొద్దీ బెలూన్ ఉబ్బుతుంది. మూత గట్టిదైతే మరుసటి రోజు కూడా ఉబ్బే ఉంటుంది. మాది టిఫిన్ తినే లోపే మొదటి సైజుకు వచ్చేసింది. ఎవరైనా ఇలాంటిది కొంటే, గింజలు పోయకముందే, పార్సెల్ వచ్చిన రోజే ఈ పని చేయండి, వీడియో తీసి పెట్టుకోండి. ఖాళీ జార్ దగ్గర వాళ్ళకు చెప్పుకోవడానికి సాకు దొరకదు.

వీడియో పంపితే ఇరవై శాతం తగ్గింపు కూపన్ ఇస్తామన్నారు, అదీ ఇంకో జార్ కొంటేనట! నవ్వాలో ఏడవాలో తెలీలేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. 2020లో వచ్చిన ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్ళు ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెల లోపు పరిష్కరించాలి. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళొచ్చు, 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక మనం ఉండే ఊరి జిల్లాలోనే కేసు వేసుకోవచ్చు, వస్తువుకు మనం కట్టిన డబ్బు 5 లక్షల లోపు అయితే ఫీజు కూడా లేదు. 'రెండు వారాలు ఆగండి' అన్న వాళ్ళ మెసేజ్ స్క్రీన్‌షాట్ నా దగ్గర ఉంది కాబట్టి ధైర్యంగా ఉన్నా. ఫోన్‌లో మాట్లాడితే ఏ సాక్ష్యమూ మిగలదు, ఏదైనా చాట్‌లోనో మెయిల్‌లోనో అడగండి.

ఒకమాట, మూత గట్టిగా ఉన్న జార్ దొరికినా ఆరు నెలలు అన్నది కోతే. చేతి పంపుతో గాలంతా పోదు, కొంత పోతుంది అంతే. పైగా రోజూ పొద్దున మూత తీస్తాం, తీసిన ప్రతిసారీ కొత్త గాలి చేరుతుంది. గాజు కాబట్టి వెలుతురు కూడా తగులుతుంది. ఆ రెండు వేలతో మంచి గింజలే వస్తాయి.

మా ఇంట్లో ఇప్పుడు చేస్తున్నది ఏ ఖర్చూ లేని పని. గింజలు వాల్వ్ ఉన్న ప్యాకెట్‌లోనే ఉంచి, గాలి పోయేలా నొక్కి, పైన మడిచి క్లిప్ పెట్టి, ఆ ప్యాకెట్‌ను మూత బిగుతుగా ఉన్న స్టీలు డబ్బాలో వేసి కింది అలమరలో పెడుతున్నాం. ఫ్రిజ్ మీద మాత్రం పెట్టకండి, అక్కడ ఎప్పుడూ వేడే. ఫ్రిజ్ లోపల కూడా వద్దు, తీసిన ప్రతిసారీ తేమ పడుతుంది, పక్కనున్న కూరల వాసనా పడుతుంది. చికోరి కలిపిన పొడి అయితే తేమ ఇంకా పీల్చి గడ్డ కడుతుంది. గింజలు ఎక్కువగా ఉంటే చిన్న చిన్న జిప్ కవర్లలో గాలి లేకుండా కట్టి డీప్ ఫ్రీజర్‌లో పెట్టొచ్చు, కాకపోతే బయటికి తీశాక చల్లదనం పూర్తిగా పోయేదాకా కవర్ విప్పకూడదు, విప్పారా, గింజల మీద నీరు పడుతుంది. తీసినదాన్ని మళ్ళీ లోపల పెట్టొద్దు. తమ్ముడికి కూడా ఇకమీదట పావుకిలో చొప్పునే తెమ్మని చెప్పాం.

కొనేటప్పుడు ప్యాకింగ్ తేదీ చూసి మోసపోకండి. తయారీ తేదీ గానీ ప్యాకింగ్ తేదీ గానీ చట్టప్రకారం వేయాల్సిందే కాబట్టి ఏదో ఒకటి వేస్తారు, వేయించిన తేదీ మాత్రం వేయాలన్న నిర్బంధం లేదు. ఎప్పుడో వేయించి గోదాములో పెట్టి నిన్న ప్యాక్ చేసినా నిన్నటి తేదీయే ఉంటుంది. అడిగితే చెప్పని చోట కొనొద్దు.

ఇక ఆ జార్ ఆనవాళ్ళు. పారదర్శకమైన గాజు, తెల్ల ప్లాస్టిక్ మూత, మధ్యలో పైకి లాగి నొక్కే పంపు, దాని పక్కన ఎర్ర బటన్, చాలా ప్రకటనల్లో అదే ఫోటో, కొన్నిటిలో జార్ నిండా కాఫీ గింజల బదులు బాదం పప్పు ఉంటుంది. రివ్యూల్లో ఐదు స్టార్లు ఇచ్చినవి చదివితే ప్యాకింగ్ బాగుంది, చూడ్డానికి బాగుంది అనే ఉంటుంది, నెల వాడాక రాసింది నాకైతే ఒక్కటీ కనపడలేదు. ఒక్క స్టార్ ఇచ్చినవి తెరిచి చూడండి, బటన్ లేస్తోందని రాసిన ప్రతివాళ్ళకూ కింద ఒకటే జవాబు, అక్షరం తేడా లేకుండా: రెండు వారాలు ఆగండి, సర్దుకుంటుంది.