జేబులో పట్టే హెడ్‌ఫోన్ యాంప్లిఫయర్: అయిదేళ్లు వాడాక

ఈ చిన్న యాంప్లిఫయర్ నా చేతికి వచ్చి అయిదేళ్లు దాటింది. అల్యూమినియం పెట్టె మూలల్లో రంగు పోయింది. గెయిన్ (లోపలికి వచ్చే సంకేతాన్ని ఎన్ని రెట్లు పెంచాలన్నది) మార్చే స్విచ్ పక్కన ఉన్న అక్షరాలు బొటనవేలి రాపిడికి సగం చెరిగిపోయాయి. రోజూ రాత్రి రెండు గంటల పాటు, సెలవు రోజుల్లో ఇంకా ఎక్కువసేపు, మ్యూజిక్ ప్లేయర్‌కు తగిలించి పాటలు వింటున్నాను. దీని పేరు, మోడల్ రాయడం లేదు. ఈ రకం పరికరాల మోడళ్లు రెండు మూడేళ్లకు మారిపోతుంటాయి. నేను చెప్పదలచుకున్నదేమో ఈ తరగతిలో ఏ పరికరం కొనేవారికైనా పనికివచ్చే విషయం.

ముందుగా నా తీర్పు చెప్పేస్తాను. తక్కువ ఖర్చులో యాంప్లిఫయర్ ఎంచుకునేటప్పుడు పెట్టె మీది మిల్లీవాట్లను చూసి మురిసిపోకూడదు. అది ఎంత నిశ్శబ్దంగా ఉంటుంది, తక్కువ గెయిన్ ఎంత, వాల్యూమ్ నాబ్ మొదట్లోనే రెండు చెవులకూ సమానంగా శబ్దం వస్తుందా అన్నవి చూసుకోవాలి. ఈ మూడూ బాగుంటే అది ఏళ్ల తరబడి మనతో ఉంటుంది. ఇవి బాగాలేకపోతే ఎంత శక్తి ఉన్నా నెల తిరిగేలోపు బీరువా చేరుతుంది. నా మొదటి యాంప్లిఫయర్‌కు సరిగ్గా అదే గతి పట్టింది.

ఆ మొదటిదాన్ని సెన్‌హైజర్ హెచ్‌డీ 600 కోసం కొన్నాను. 1997లో వచ్చిన ఈ హెడ్‌ఫోన్ ఇంపెడెన్స్, అంటే కరెంటుకు అది కలిగించే అడ్డు, 300 ఓమ్‌లు. ఒక మిల్లీవాట్ ఇస్తే సుమారు 97 డెసిబెల్స్ శబ్దం వస్తుంది. నా ప్లేయర్ జాక్ గరిష్ఠంగా ఒక వోల్టు ఇస్తుంది. ఒక వోల్టును 300 ఓమ్‌లకు ఇస్తే చేరేది 3.3 మిల్లీవాట్లు, అంటే 102 డెసిబెల్స్ దాకా. మామూలు పాటలకు ఇది చాలు, ఎక్కువే కూడా. కానీ ఆర్కెస్ట్రా రికార్డింగుల్లో సగటు శబ్దం చాలా తక్కువగా ఉండి, ఉన్నట్టుండి ఒక్కసారిగా ఎగసే ఘట్టాలు ఉంటాయి. అక్కడ ప్లేయర్ వాల్యూమ్ చివరి గీత దాకా పెంచినా ఇంకొంచెం ఉంటే బాగుండును అనిపించేది.

కొన్న యాంప్లిఫయర్ పెట్టె మీద 100 మిల్లీవాట్లు అని పెద్ద అక్షరాలతో ఉంది. పక్కనే చిన్న అక్షరాలతో 16 ఓమ్‌ల దగ్గర అని ఉంది. ఆ చిన్న అక్షరాలను నేను పట్టించుకోలేదు. తగిలించి విన్నాను. తేడా దాదాపు తెలియలేదు. వస్తువులో లోపం ఉందేమోనని వారం రోజులు తంటాలు పడ్డాను, కేబుళ్లు మార్చాను. చివరికి కాగితం తీసుకుని లెక్క వేస్తే విషయం బయటపడింది. శక్తిని ఓమ్‌లతో గుణించి వర్గమూలం తీస్తే వోల్టేజి వస్తుంది. 0.1 వాట్‌ను 16తో గుణిస్తే 1.6, దాని వర్గమూలం 1.26 వోల్టులు. అదే వోల్టేజి 300 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌కు చేరవేసేది 5.3 మిల్లీవాట్లు మాత్రమే. ప్లేయర్ ఇచ్చేదానికన్నా రెండు డెసిబెల్స్ ఎక్కువ, అంతే. వస్తువులో లోపం ఏమీ లేదు. అది చేయగలిగింది అంతే.

కారణం లోపలి బ్యాటరీలో ఉంది. ఒకే లిథియం సెల్‌తో నడిచే పరికరానికి దొరికేది 3.7 వోల్టులు. దాన్ని పైకీ కిందికీ పంచుకుంటే ధ్వని తరంగం శిఖరం ప్రతి దిక్కులో 1.8 వోల్టుల దాకానే చేరగలదు. పై లెక్కలో వచ్చేది సగటు తరహా (ఆర్‌ఎంఎస్) వోల్టేజి, అది శిఖరం కన్నా తక్కువే ఉంటుంది. మరీ చిన్న యాంప్లిఫయర్లు చాలావరకు ఇలాంటివే. తక్కువ ఓమ్‌ల హెడ్‌ఫోన్‌కు కావలసిన కరెంటు ఇవి చక్కగా ఇస్తాయి. 300 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌కు కావలసింది కరెంటు కాదు, వోల్టేజి. సెల్ వోల్టేజిని లోపల పెంచుకునే సర్క్యూట్ గానీ, ఎక్కువ వోల్టుల బ్యాటరీ గానీ ఉన్న యాంప్లిఫయర్లు దానికి పనికివస్తాయి. కొనేముందు పైన చెప్పిన వర్గమూలం లెక్క ఒక్కసారి వేసుకుంటే ఈ సంగతి తెలిసిపోతుంది.

ఆ తరువాత కొంతకాలం సీమోయ్ అనే యాంప్లిఫయర్ వాడాను. చూ మోయ్ అనే ఆయన రూపకల్పన చేసి అందరికీ అందుబాటులో ఉంచిన సర్క్యూట్ అది. సంకేతాన్ని పెంచే ఒక ఆప్ ఆంప్ చిప్, గుప్పెడు రెసిస్టర్లు, కెపాసిటర్లు, ఒక 9 వోల్టుల బ్యాటరీ ఉంటే చాలు. అన్నీ కలిపి చిన్న పిప్పరమెంటు డబ్బాలో ఇమిడిపోతాయి. నేను ఓపీఏ2134 చిప్‌తో కట్టుకున్నాను. సోల్డరింగ్ ఐరన్ పట్టుకోవడం వచ్చినవారికి ఇంతకన్నా చవకైన దారి లేదు, ఇంత తృప్తినిచ్చే దారి కూడా లేదు. మొదటిసారి అందులోంచి వయొలిన్ వినబడినప్పుడు నేను కదలకుండా కూర్చుండిపోయాను. 9 వోల్టుల బ్యాటరీ కాబట్టి ఆర్‌ఎంఎస్ లెక్కలో రెండు వోల్టుల దాకా వస్తుంది. 300 ఓమ్‌లకు అది 13 మిల్లీవాట్లు, 108 డెసిబెల్స్. నేను కోరుకున్న ఊపిరి ఆర్కెస్ట్రాకు దక్కింది.

అయితే గెయిన్ గురించి నాకు పాఠం చెప్పింది కూడా ఆ డబ్బానే. వాడుకలో ఉన్న విలువలతో కడితే సీమోయ్ గెయిన్ 11 రెట్లు వస్తుంది. ప్లేయర్ నుంచి ఒక వోల్టు వస్తుంటే దాన్ని 11 రెట్లు చేసే చోటు 9 వోల్టుల బ్యాటరీలో ఎక్కడిది? నాబ్‌ను కొద్దిగా తిప్పగానే శబ్దం చెవులు అదిరేలా ఉండేది. దాంతో వినగలిగే స్థాయి అంతా నాబ్ మొదటి పావు భాగంలోనే ఇరుక్కుపోయింది. చవక వాల్యూమ్ కంట్రోళ్లకు ఒక బలహీనత ఉంది. వాటిలో ఒక్కో చెవికి ఒక్కటిగా ఉండే రెండు ట్రాకులు ఆ మొదటి భాగంలో సరిగ్గా సరితూగవు. గాయకుడి గొంతు మధ్యలో ఉండవలసింది ఎడమ చెవి వైపు జరిగిపోయేది. ఒక కిలో ఓమ్ రెసిస్టర్‌ను తీసి 4.7 కిలో ఓమ్‌లది పెట్టాను. గెయిన్ మూడు రెట్లకు దిగింది, నాబ్ సగం దాకా తిప్పుకునే వీలు దొరికింది, గొంతు మధ్యలోకి వచ్చింది. పైగా వెనక వినబడే బుస కూడా తగ్గింది. ఒక చిన్న రెసిస్టర్ మార్పుతో ఇంత మేలు జరగడం నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది.

అందుకే ఇప్పుడున్నదాన్ని కొనేటప్పుడు అన్నిటికన్నా ముందు గెయిన్ స్విచ్ చూశాను. తక్కువలో రెండు రెట్లు, ఎక్కువలో ఆరు రెట్లు. 32 ఓమ్‌ల దగ్గర 250 మిల్లీవాట్లు అని రాశారు, అంటే 2.8 వోల్టులు. నా హెడ్‌ఫోన్‌కు 111 డెసిబెల్స్ దాకా అందుతుంది. అంత శబ్దం నేను ఎన్నడూ వినను, ఎవరూ వినకూడదు కూడా. పెద్దవాళ్లకు వారానికి 40 గంటలు 80 డెసిబెల్స్ అన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించే హద్దు. ఆ అదనపు వోల్టేజి అంతా ఒక్క క్షణం పాటు ఎగసే శిఖరాలు తెగిపోకుండా ఉండడానికి మాత్రమే. ఎక్కువ గెయిన్ వైపు స్విచ్‌ను ఈ అయిదేళ్లలో పది సార్లయినా జరిపి ఉండను.

ఇక బుస సంగతి. చాలామంది దీన్ని తేలిగ్గా తీసుకుంటారు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. నా దగ్గర 16 ఓమ్‌ల ఇయర్‌ఫోన్లు కూడా ఉన్నాయి. ఒక మిల్లీవాట్‌కు 112 డెసిబెల్స్ ఇచ్చేంత సున్నితమైనవి. ఒకే వోల్టేజిని రెండింటికీ ఇస్తే ఇయర్‌ఫోన్లు ఆ పెద్ద హెడ్‌ఫోన్ కన్నా దాదాపు 28 డెసిబెల్స్ గట్టిగా మోగుతాయి. పాటతో పాటు యాంప్లిఫయర్ సొంత బుస కూడా అంతే పెరుగుతుందన్నమాట. హెడ్‌ఫోన్‌లో గోరంత కూడా వినబడని శబ్దం ఇయర్‌ఫోన్లలో పాటకూ పాటకూ మధ్య వాన చినుకుల్లా వినబడుతుంది. మిత్రుల దగ్గర తెచ్చి చూసిన రెండు యాంప్లిఫయర్లను ఈ ఒక్క కారణంతోనే పక్కన పెట్టాను. నా దాంట్లో తక్కువ గెయిన్‌లో పెడితే నిశ్శబ్దమైన గదిలో చెవి రిక్కించి వింటే తప్ప తెలియదు. ఎక్కువ గెయిన్‌లో స్పష్టంగా తెలుస్తుంది. కొనేముందు మీ ఇయర్‌ఫోన్లను వెంట తీసుకెళ్లి, పాట ఆపి, నాబ్‌ను మీరు వినే స్థాయిలో ఉంచి ఒక్క నిమిషం వినండి. ఆ ఒక్క నిమిషం పది సమీక్షలతో సమానం.

అవుట్‌పుట్ ఇంపెడెన్స్ గురించి క్లుప్తంగా చెబుతాను. యాంప్లిఫయర్ సొంత ఇంపెడెన్స్ హెడ్‌ఫోన్ ఇంపెడెన్స్‌లో ఎనిమిదో వంతుకు మించకూడదన్నది వాడుకలో ఉన్న సూత్రం. 16 ఓమ్‌ల ఇయర్‌ఫోన్‌కు రెండు ఓమ్‌లు. కొన్ని ఇయర్‌ఫోన్ల ఇంపెడెన్స్ ఒక స్వరం దగ్గర 16 ఉంటే మరో స్వరం దగ్గర 40 ఉంటుంది. వాటిని 10 ఓమ్‌ల యాంప్లిఫయర్‌కు తగిలిస్తే ఆ రెండు చోట్ల మధ్య రెండు డెసిబెల్స్‌కు పైగా తేడా పుడుతుంది. అప్పుడు వినేది ఇయర్‌ఫోన్ తయారుచేసినవారు ఉద్దేశించిన ధ్వని కాదు. 300 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌కు ఈ బెంగ అంతగా ఉండదు.

వాడకంలో తేడా నిజంగా వినబడుతుందా అన్న ప్రశ్న నన్ను చాలాకాలం వేధించింది. కొంచెం గట్టిగా మోగేది మెరుగైనదిగా అనిపించడం మన చెవి స్వభావం. కాబట్టి ఒక రోజు మా తమ్ముణ్ణి కూర్చోబెట్టుకుని, 100 హెర్ట్జ్ స్వరం మోగిస్తూ మల్టీమీటర్‌తో ప్లేయర్‌ను, యాంప్లిఫయర్‌ను ఒకే వోల్టేజికి సరిచేశాను. నేను చూడకుండా వాడు ప్లగ్ మారుస్తుంటే ఏది ఏదో చెప్పడానికి ప్రయత్నించాను. ఇయర్‌ఫోన్లతో 16 సార్లలో 9 సార్లు సరిగ్గా చెప్పాను, అంటే ఊహించి చెప్పినట్టే. హెడ్‌ఫోన్‌తో మామూలు పాటల్లోనూ అంతే. ప్లేయర్ తన హద్దుకు చేరిన ఆర్కెస్ట్రా ఘట్టంలో మాత్రం ప్రతిసారీ పట్టుకున్నాను, ఎందుకంటే అక్కడ ప్లేయర్ ధ్వనిలో గరుకుదనం వస్తోంది. 'వేదిక విశాలమైంది, గొంతుకు ప్రాణం వచ్చింది' అని నేనే మొదటి నెలలో ఎందరికో చెప్పాను. ఆ మాటలను ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను. మీ దగ్గర ఉన్నవి తక్కువ ఓమ్‌ల ఇయర్‌ఫోన్లు మాత్రమే అయితే, ప్లేయర్ బుస లేకుండా చాలినంత గట్టిగా మోగుతుంటే, మీకు యాంప్లిఫయర్ అక్కర్లేదు. ఆ డబ్బుతో మంచి ఇయర్‌ఫోన్లు కొనుక్కోండి.

కలిపే పద్ధతి కూడా ముఖ్యమే. ప్లేయర్‌కు లైన్ అవుట్ (దాని వాల్యూమ్ కంట్రోల్‌తో సంబంధం లేకుండా నేరుగా ధ్వని ఇచ్చే దారి) ఉంటే అదే వాడాలి. 30 పిన్నుల డాక్ కనెక్టర్ ఉన్న పాత ఐపాడ్‌లలో అది ఉండేది, చిన్న కేబుల్‌తో నేరుగా తీసుకునేవాళ్లం. నా ప్లేయర్‌లో లేదు. హెడ్‌ఫోన్ జాక్ నుంచే తీసుకుంటూ ప్లేయర్ వాల్యూమ్‌ను 85 శాతం దగ్గర ఉంచి మిగతాది యాంప్లిఫయర్ నాబ్‌తో సరిచేసుకుంటాను. ప్లేయర్‌ను మరీ తక్కువలో ఉంచితే బుస పెరుగుతుంది. ఈక్వలైజర్‌లో బాస్ (మంద్ర స్వరాలు) పెంచి ప్లేయర్‌ను పూర్తిగా పైకి పెడితే శిఖరాలు తెగిపోతాయి. యాంప్లిఫయర్ మీద బాస్ పెంచే స్విచ్ నాకు ఉపయోగపడలేదు. అది తాకగానే డబుల్ బాస్ తీగ మీద వేలి కదలిక మాయమై ఒట్టి దబదబ మోత మిగులుతుంది.

రోజువారీ ఇబ్బందులు రెండు మూడు ఉన్నాయి. ప్లేయర్, యాంప్లిఫయర్ రెండింటినీ రబ్బరు బ్యాండ్లతో కట్టుకుంటే జేబులో ఇటుకలా ఉంటుంది. అందుకే నడకకు వెళ్లేటప్పుడు ఇది ఇంట్లోనే ఉంటుంది. రెండింటినీ కలిపే కేబుల్ గట్టిగా ఉంటే జాక్‌ల మీద భారం పడుతుంది. రెండో ఏడు నా ఇన్‌పుట్ జాక్ వదులై ఎడమ వైపు శబ్దం తెగిపోయేది. సోల్డర్ చేయించాక మెత్తటి కేబుల్, ఎల్ ఆకారపు ప్లగ్‌లు వాడుతున్నాను, మళ్లీ ఆ బాధ రాలేదు. ఛార్జింగ్ పెట్టి వింటే సన్నని ఈల వస్తుంది. ఛార్జర్ తీయగానే పోతుంది. 2జీ నెట్‌వర్క్ మీద ఉన్న ఫోన్ పక్కన పెడితే టరటరమనే మోత వినబడుతుంది. ఆ ఫోన్లు సెకనుకు సుమారు 217 విడతలుగా సంకేతాలు పంపుతాయి, యాంప్లిఫయర్ తీగలు వాటిని పట్టుకుంటాయి. ఫోన్‌ను జానెడు దూరం జరిపితే చాలు.

బ్యాటరీ మొదట్లో పద్నాలుగు గంటలు వచ్చేది. నాలుగో ఏటికి ఏడు గంటలకు పడిపోయింది, ఆపై పెట్టె మూత ఒక పక్క కాస్త పైకి లేచింది. తెరిచి చూస్తే సెల్ ఉబ్బి ఉంది. అలాంటిది కనబడితే ఆ క్షణమే వాడడం, ఛార్జ్ చేయడం ఆపేయాలి. నేను అదే కొలత సెల్ తెప్పించి మార్పించాను. పెట్టె నాలుగు మరలతో తెరుచుకోవడం వల్ల ఇది సాధ్యమైంది. జిగురుతో అతికించిన పెట్టె అయితే పరికరం మొత్తం పారేయవలసి వచ్చేది. కొనేముందు మరలు ఉన్నాయో లేదో చూడండి. నెలల తరబడి వాడకుండా ఉంచేటట్లయితే సగం ఛార్జ్‌తో ఉంచండి.

ఈ రోజుల్లో వేలెడంత యూఎస్‌బీ డాంగిల్‌లు, అంటే ప్లేయర్‌కు తగిలించుకునే బుల్లి యాంప్లిఫయర్లు, వచ్చాయి. ప్లేయర్‌కు యూఎస్‌బీ ద్వారా ధ్వని పంపే వీలుంటే, తక్కువ ఓమ్‌ల హెడ్‌ఫోన్లకు అవి చాలా బాగుంటాయి. విడిగా బ్యాటరీ ఉండదు, ఉబ్బే భయమూ లేదు. అయితే ప్లేయర్ బ్యాటరీని అవే తాగేస్తాయి. కొత్తగా మొదలుపెట్టేవారు వాటిని కూడా చూడాలి, వోల్టేజి లెక్క మాత్రం అక్కడా అదే.

కొత్త సెల్ వేశాక మళ్లీ పద్నాలుగు గంటలు వస్తోంది. తక్కువ గెయిన్‌లో, నాబ్ గడియారంలో పదకొండు గంటల ముల్లు ఉండే చోట ఉంటోంది. నిన్న రాత్రి ఒంటి పియానో రికార్డింగ్ పెట్టుకున్నాను. చివరి స్వరం సన్నగిల్లి ఆగిపోయాక వినబడింది ఆ రికార్డింగ్ జరిగిన గది నిశ్శబ్దమే, యాంప్లిఫయర్ బుస కాదు.